గ్రంథాలయం ఎవరి ఇల్లు? కృష్ణా డెల్టా చదువుల చరిత్రలో ఊరూ పల్లే

ఉయ్యూరు బందరు రోడ్డు మీది ఊరు. పుల్లేరు కాలవ, చక్కెర ఫ్యాక్టరీ, వీరమ్మ తిరునాళ్ళు, ఒకప్పటి జమీందారీ... పేరు చెప్పగానే గుర్తొచ్చేవి ఇవి. 2022లో రెవిన్యూ డివిజన్ కేంద్రం కూడా అయింది. ఊళ్ళో శాఖా గ్రంథాలయం ఉంది గానీ ఆ వరసలో దాని పేరు ఎవరూ చెప్పరు. డెల్టాలో ఏ ఊరి సంగతైనా ఇంతే. ఒక్క బెజవాడ మాత్రం గ్రంథాలయోద్యమానికి పుట్టిల్లుగా పేరు తెచ్చుకుంది.

పాత గ్రంథాలయాలను బాగుచేసి నేటి అవసరాలకు తగ్గట్టు ప్రజలకు అప్పగించాలన్న మాట ఇప్పుడు గట్టిగానే వినపడుతోంది. మంచి మాటే. అయితే బాగుచెయ్యటం అంటే మేస్త్రీ పని ఒక్కటే కాదు. గోడకు వేసే ప్రతి పూత కింద ఒక చరిత్ర మూతపడుతుంది. ఆ పూత వెయ్యకముందే గోడ చెప్పే కథ వినాలి. అందులో పల్లె కథ ఎక్కడుందో వెతకాలి. పల్లె అంటే ఇక్కడ మాలపల్లె, మాదిగపల్లె అని చదువరులకు వేరే చెప్పనక్కర్లేదు.

కృష్ణ మీద బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది 1855లో. కాలవ వచ్చింది, కాలవ వెంట వరి వచ్చింది, తర్వాత చెరకు వచ్చింది. భూమి ఉన్నవాడి చేతిలో నాలుగు డబ్బులు మిగిలాయి. ఆ డబ్బులు పిల్లల చదువులకు, నాటకశాలలకు, పత్రికలకు, పుస్తకాలకు పోయాయి. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో గ్రంథాలయాలు అంత దట్టంగా పుట్టటానికి కారణం తెలుగువాళ్ళ విద్యాభిమానం అని చెప్పుకోవటం రివాజు. అభిమానం లేదనను. కానీ అభిమానం పుస్తకం కొనదు, మిగులు కొంటుంది. ఆ మిగులు ఎవరి చాకిరీ? నాట్లేసినవాళ్ళు, కోత కోసినవాళ్ళు, కాలవ పూడిక తీసినవాళ్ళు, చెరకు కొట్టినవాళ్ళు ఎవరు? ఆ లెక్కన డెల్టాలో ప్రతి పాత గ్రంథాలయానికీ పల్లె చందాదారే. రశీదు మాత్రం పల్లె పేరు మీద రాయలేదు.

ఇక ఉద్యమం సంగతి. 1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయం వాళ్ళ పూనికతో మొదటి ఆంధ్రదేశ గ్రంథాలయ సభ జరిగింది. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది అక్కడే. అధ్యక్షుడు చిలకమర్తి లక్ష్మీనరసింహం. వెనకుండి నడిపిన మనిషి అయ్యంకి వెంకటరమణయ్య. గ్రంథాలయోద్యమ పితామహుడని తర్వాత పేరు పొందింది ఆయనే. చిలకమర్తి అంతకు అయిదేళ్ళ ముందు, 1909లో, రాజమండ్రిలో అంటరానివాళ్ళ పిల్లల కోసం రామమోహన పాఠశాల పెట్టినవాడు. అంటే సభాధ్యక్షుడికి మన సంగతి తెలియనిది కాదు.

మూడున్నరేళ్ళకు అదే బెజవాడలో ఇంకో సభ జరిగింది. 1917 నవంబరు 4, 5, 6 తేదీల్లో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన ప్రథమ ఆంధ్రదేశ పంచమ మహాజన సభ. గుడివాడ నుంచి పనిచేసిన సంస్కర్త గూడూరు రామచంద్రరావు ఏర్పాట్లు చూశాడు. పంచములు అన్న పేరు మాకొద్దు, మేం ఈ నేల మొదటి మనుషులం, ఆది ఆంధ్రులం అని సభ చాటింది. 1922లో మద్రాసు ప్రభుత్వం కూడా ఆ పేరును గుర్తించక తప్పలేదు. సభ జరిగిన మూడు రోజులూ కొండ మీద కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు. వచ్చిన జనం ఎక్కడ గుళ్ళోకి వస్తారోనని భయం!

ఈ రెండు సభలనూ ఒకేచోట పెట్టి చూసే అలవాటు మన చరిత్రకారులకు లేదు. గ్రంథాలయోద్యమ చరిత్ర ఒక పుస్తకంలో ఉంటుంది, ఆది ఆంధ్ర ఉద్యమం ఇంకో పుస్తకంలో ఉంటుంది. ఊరు ఒకటే, కాలం ఒకటే, రోడ్లు కూడా అవే. ఒకళ్ళు పుస్తకాల బీరువా తలుపు తెరవమని తిరుగుతున్నారు, రెండోవాళ్ళు మనిషిని మనిషిగా చూడమని తిరుగుతున్నారు. బీరువా తలుపు తెరుచుకుంది. గుడి తలుపు మూసుకుంది. ఆనాటి గ్రంథాలయాన్ని ఈ రెండు తలుపుల మధ్య నిలబెట్టి చూడాలి.

గ్రంథాలయం ముందు "పంచములు రాకూడదు" అని బోర్డు పెట్టాల్సిన అవసరమే లేదు. అది ఉన్న చోటు చాలు. చావడి పక్కన, గుడి మండపంలో, ఊరిపెద్ద ఇంటి అరుగు మీద పెట్టిన గ్రంథాలయానికి పల్లె మనిషి ఎట్లా పోతాడు? చెప్పులు చేతబట్టుకుని నడవాల్సిన వీధిలో ఉన్న పుస్తకం అందరిదీ ఎట్లా అవుతుంది? పురాణ కాలక్షేపాలు, హరికథలు, భజనలు ఆనాటి గ్రంథాలయాల పనుల్లో భాగం. రాత్రి బళ్ళు పెట్టినవాళ్ళూ ఉన్నారు, పల్లెకు పోయి పత్రిక చదివి వినిపించినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ పనిని తీసెయ్యటం లేదు. అయితే పల్లెకు పోయి చదివి వినిపించటం వేరు, పల్లె మనిషి వచ్చి పక్క బల్ల మీద కూచుని తనే చదువుకోవటం వేరు. మొదటిది దానం, రెండోది హక్కు.

ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' 1922లో అచ్చయింది. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. నిషేధం పోయాక ఆ నవల ప్రతి గ్రంథాలయంలోకీ గౌరవంగా చేరింది. పుస్తకం చేరినంత తేలిగ్గా ఆ పేరుగల పల్లె మనుషులు చేరలేదు.

1935లో గుంటూరు జిల్లా పెదపాలెం నుంచి పాతూరి నాగభూషణం పడవ గ్రంథాలయం నడిపించాడు. కాలవ గట్ల వెంట ఉన్న ఊళ్ళకు పుస్తకాలు పడవ మీద వచ్చేవి. ఉద్యమంలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే. పడవకు చావడి లేదు, అరుగు లేదు. కాలవ గట్టు ఊరిదీ పల్లెదీ కూడాను. భవనం లేని గ్రంథాలయం భవనం ఉన్నదానికన్నా పల్లెకు దగ్గరగా రాగలిగే వీలుంది. బాగుచేతల గురించి ఆలోచించేవాళ్ళు ఈ పడవను ఒకసారి గుర్తు తెచ్చుకోవాలి.

పల్లెకు చదువు ఏ దారిన వచ్చిందో చూస్తే అది గ్రంథాలయం దారి కాదు. మిషన్ల సంగతి కూడా తిన్నని దారేం కాదు. 1843లో బందరులో రాబర్ట్ నోబుల్ పెట్టిన బడి పై కులాల పిల్లల కోసమే చూసుకుంది. దారి మళ్ళించింది పల్లె మనుషులే. రాఘవాపురం మాలపెద్ద పగోలు వెంకయ్య 1859లో బాప్తిస్మం పుచ్చుకున్న తర్వాత మిషన్ పల్లెల వైపు తిరగక తప్పలేదు. బైబిలు, కీర్తనల పుస్తకం, పలక బలపం పల్లెలోకి వచ్చాయి. తాటాకు కప్పిన ప్రార్థన పాక పగలు బడి, రాత్రి గుడి. పల్లెలో నలుగురు కూచుని అచ్చక్షరం చదివిన మొదటి చోటు అదే. మన గ్రంథాలయ చరిత్ర రాసుకుంటే మొదటి అధ్యాయం అక్కడ మొదలు కావాలి.

ఆ తర్వాత లేబరు శాఖ బడులు, గుడివాడ సేవాశ్రమం, ఆది ఆంధ్ర హాస్టళ్ళు. 1946లో ప్రకాశం మంత్రివర్గంలో మంత్రి అయిన వేముల కూర్మయ్య ఈ కృష్ణా జిల్లా ఉద్యమాల్లోంచి వచ్చినవాడే. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న 'జయభేరి' నడిపాడు. నల్లదొరతనం మాకొద్దని పాట కట్టాడు. జాల రంగస్వామి 1930లో 'అంటరానివారెవ్వరు?' అని అడిగాడు. ఇవి చిన్న చిన్న పుస్తకాలు, నాసి కాగితం మీద అచ్చయినవి. సభల్లో చేతులు మారినవి. పెద్ద గ్రంథాలయాల రిజిస్టర్లలో పంచాంగానికి దొరికిన చోటు వీటికి దొరకటం కష్టమైంది. 2000 తర్వాత డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకంలో తెలుగు పాత పుస్తకాలు వేల సంఖ్యలో స్కాన్ చేశారు. గ్రంథాలయంలో చేరిన పుస్తకమే స్కాన్ అవుతుంది. చేరనిది ఇక్కడా చేరదు. వందేళ్ళ కిందటి గడప కంప్యూటర్లోకీ వచ్చి కూచుంది.

చట్టం సంగతికి వద్దాం. 1924లో మద్రాసు శాసన మండలి రోడ్లు, బావులు, చెరువులు, ప్రజల స్థలాలు అందరికీ తెరవాలని తీర్మానించింది, ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. 1938లో పౌర అశక్తతల నిర్మూలన చట్టం వచ్చింది. బొంబాయిలో ఇట్లాంటి తీర్మానమే 1923లో వచ్చింది. అయినా మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు నోట్లో పోసుకోవటానికి 1927లో అంబేడ్కర్ వేలమందితో నడవాల్సి వచ్చింది. కాగితం మీది హక్కు కాళ్ళ కిందికి రావటానికి అంత నడక కావాలి. రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు పేరు పేరునా ఉన్నాయి. గ్రంథాలయం అన్న మాట లేదు. ప్రభుత్వ ధనంతో నడిచే ప్రజోపయోగ స్థలాల కిందే దాన్ని చదువుకోవాలి. నీళ్ళ కోసం, రోడ్డు కోసం పోట్లాడుతున్నప్పుడు పుస్తకం దాకా ఊపిరి ఎక్కడిది?

దేశంలో మొదటి గ్రంథాలయ చట్టం 1948లో మద్రాసులో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ చట్టం 1960లో వచ్చింది. జిల్లా గ్రంథాలయ సంస్థలు, శాఖా గ్రంథాలయాలు ఆ చట్టం బిడ్డలే. దీనికి డబ్బు ఎక్కడిదంటే పన్ను మీద సెస్సు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయానికి. ఇది మనవాళ్ళు బాగా గుర్తుపెట్టుకోవలసిన విషయం. పల్లెలో రేకుల ఇంటికి పన్ను కట్టినవాడు కూడా గ్రంథాలయానికి డబ్బు కట్టినట్టే. పంచాయతీలు, మునిసిపాలిటీలు ఆ సెస్సు వసూలు చేసి గ్రంథాలయ సంస్థలకు జమచెయ్యకుండా బకాయి పెట్టటం పాత జబ్బు. జమీందారు దయ, దాత దయ, సంస్కర్త దయ అన్న మాటలకు 1960తో కాలం చెల్లింది. ఇప్పుడు గ్రంథాలయంలోకి పోయేవాడు చదువరి మాత్రమే కాదు, పన్ను కట్టిన యజమాని.

ఈ చరిత్ర మన ఒక్కళ్ళదే అనుకోవద్దు. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం అలెగ్జాండ్రియాలో 1939 ఆగస్టు 21న అయిదుగురు నల్ల యువకులు తెల్లవాళ్ళ గ్రంథాలయంలోకి పోయి తలా ఒక పుస్తకం తీసుకుని నిశ్శబ్దంగా కూచున్నారు. పోలీసులు పట్టుకుపోయారు. ఊరు ఏం చేసిందంటే నల్లవాళ్ళకు వేరే చిన్న గ్రంథాలయం కట్టించి చేతులు దులుపుకుంది. అదే రాష్ట్రంలో డాన్‌విల్ అనే ఊళ్ళో 1960లో కోర్టు ఉత్తర్వు తర్వాత ముందు గ్రంథాలయాన్నే మూసేశారు. తర్వాత తెరిచారు, కానీ కుర్చీలన్నీ తీసేసి తెరిచారు! నల్లవాడి పక్కన తెల్లవాడు కూచోకుండా ఉండటానికి అందరూ నిలబడే ఉండాలని. పుస్తకం ఇవ్వటానికి ఒప్పుకుంటారు గానీ పక్కన కుర్చీ ఇవ్వటానికి ఒప్పుకోరు.

కుర్చీ సంగతి మనకు కొత్త కాదు. 1991లో చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపి కాలవలో పడేసిన ఘోరానికి ముందు నడిచిన గొడవ ఎక్కడ మొదలైంది? సినిమా హాల్లో. చదువుకుంటున్న ఒక దళిత కుర్రాడి కాలు ముందు సీటువాడికి తగిలిందని. టిక్కెట్టు కొన్న హాల్లోనే అట్లా ఉంటే టిక్కెట్టు లేని గ్రంథాలయంలో పక్క పక్క కూచోవటం అంత మామూలు విషయం ఎట్లా అవుతుంది?

1985 కారంచేడు తర్వాత కోస్తా పల్లెల్లో ఒక కొత్తరకం గ్రంథాలయం కనపడింది. అంబేడ్కర్ యువజన సంఘం, ఒక కమ్యూనిటీ హాలు, ముందు నీలం కోటు విగ్రహం, లోపల ఒక రేకు బీరువా. అందులో అంబేడ్కర్ రచనల తెలుగు సంపుటాలు, ఫూలే జీవితం, గ్రూపు పరీక్షల గైడ్లు, రోజువారీ పత్రిక. దీనికి జిల్లా సంస్థ నంబరు లేదు, లైబ్రేరియన్ లేడు. 1995లో 'చిక్కనవుతున్న పాట', 1996లో 'పదునెక్కిన పాట' బెజవాడలోనే అచ్చయ్యాయి. అవి చేతులు మారింది కూడా ఇట్లాంటి గదుల్లోనే. రాజగృహలో వేల పుస్తకాలు పోగేసి వాటి మధ్యే బతికిన మనిషి పేరు పెట్టుకున్న గదులు ఇవి. పేరుకు తగ్గ వారసత్వం. చారిత్రక గ్రంథాలయాల జాబితా తయారుచేసేవాళ్ళు వీటిని చరిత్ర అనుకోరు. కప్పుకు టేకు దూలాలు లేవు గదా!

ఇప్పుడు బాగుచేత పని. కృష్ణా డెల్టా నేల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు పగులుతుంది, దాంతో గోడలు చీలతాయి. నీటిమట్టం పైనే ఉంటుంది కాబట్టి పునాదిలోంచి చెమ్మ గోడలోకి ఎక్కుతుంది. పాత భవనాలు గానుగ సున్నంతో కట్టినవి. సున్నం చెమ్మను పీల్చి మళ్ళీ గాలికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోయి చెమ్మ లోపలే నిలుస్తుంది. గోడ పెట్లి రాలుతుంది, గోడకు ఆనించిన బీరువాలో పుస్తకం బూజు పడుతుంది. చెదలు సరేసరి. అందుకని పాత గోడకు సున్నమే వెయ్యాలి, బీరువాల్ని గోడకు జానెడు ఎడంగా పెట్టాలి, కింది అరల్లో పాత పత్రికలు పెట్టకూడదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి బెజవాడ సగం మునిగినప్పుడు నేలమట్టం అరలు ఏమవుతాయో అందరికీ తెలిసింది. ఇదంతా మేస్త్రీలకు తెలిసిన విద్యే. ఆ సున్నం గానుగ తోలినవాళ్ళ పేర్లు మాత్రం శిలాఫలకం మీద ఉండవు.

మేస్త్రీ పనికి మించింది ఇంకోటుంది. మొట్టమొదట నీళ్ళు. గ్రంథాలయంలో మంచినీళ్ళు కుండలో ఉండి ఎవరో ఒకరు ముంచి పొయ్యాల్సి వస్తే అక్కడ కులం వచ్చి నిలబడుతుంది. కుళాయి పెడితే కొంత పోతుంది. రెండు గ్లాసుల పద్ధతి నడిచిన జిల్లాల్లో ఇది చిన్న విషయం కాదు. తర్వాత ఆడవాళ్ళకు మరుగుదొడ్డి. అది లేని గ్రంథాలయానికి పల్లె నుంచి డిగ్రీ చదివే ఆడపిల్ల అరగంటకు మించి రాదు. తర్వాత వేళలు. మన శాఖా గ్రంథాలయాలు పొద్దున 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7. శుక్రవారం సెలవు. పొద్దున్నే కూలికి పోయి మసక చీకట్లో ఇంటికొచ్చే మనిషికి ఈ వేళలు ఎందుకు పనికొస్తాయి? పింఛనుదారుకు పనికొస్తాయి. ఉయ్యూరు చుట్టుపక్కల చెరకు కొట్టేవాళ్ళ వేళ ఎవరడిగారు?

పుస్తకం ఎక్కడ పెడతారన్నది ఇంకో సంగతి. అమెరికాలో హోవార్డ్ విశ్వవిద్యాలయంలో డొరతీ పోర్టర్ అనే నల్లజాతి లైబ్రేరియన్ ఉండేది. డ్యూయీ వర్గీకరణలో నల్లవాళ్ళు ఏం రాసినా బానిసత్వం కిందో, వలసల కిందో పెట్టేవాళ్ళు. ఆమె దాన్ని ఒప్పుకోలేదు. కవిత్వాన్ని కవిత్వంలో, చరిత్రను చరిత్రలో పెట్టింది. అసలు డ్యూయీ నడిపిన క్లబ్బులోకే యూదులకూ నల్లవాళ్ళకూ ప్రవేశం లేదు. ఆ కారణంగానే అమెరికా గ్రంథాలయ సంఘం 2019లో ఒక పతకం నుంచి ఆయన పేరు తీసేసింది. మన దగ్గర జాషువా కావ్యాల అరలోకి వచ్చాడు. మిగతా దళిత సాహిత్యం ఇంకా 'సాంఘిక సంక్షేమం' పక్కన నలుగుతోంది. రంగనాథన్ 1931లో రాసిన అయిదు సూత్రాల్లో ప్రతి చదువరికీ తన పుస్తకం అన్నది ఒకటి. తన పుస్తకం ఎక్కడుందో చదువరికి కనపడితేనే గదా!

డబ్బు లేదనే మాట వినవద్దు. బందరు రోడ్డు మీదే 1887 నాటి విక్టోరియా జూబిలీ భవనాన్ని బాగుచేసి 2020లో బాపు మ్యూజియంగా తెరిచారు. అదే రోడ్డు పక్కన స్వరాజ్ మైదానంలో 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహాన్ని 2024 జనవరి 19న ఆవిష్కరించారు. విగ్రహం కావాలి, వద్దనటానికి మనం ఎవరం? కానీ అదే బందరు రోడ్డు వెంట పోతే ఉయ్యూరు, పామర్రు, బందరు, వాటి మధ్య ఎన్నో పల్లెలు. ఆ పల్లెల బీరువాల్లో చెదలు పడుతున్న 1930ల కరపత్రాలు, ఆది ఆంధ్ర సభల ఆహ్వానాలు, హాస్టలు రిజిస్టర్లు, చర్చి పుస్తకాలు, యువజన సంఘం మినిట్స్ ఉన్నాయంటే వాటిని సేకరించి పెట్టటానికి ఒక గది, ఒక స్కానరు, జీతం ఉన్న ఒక మనిషి చాలు. 1972లో పెట్టిన రాజా రామమోహన రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ భవనాలకూ పుస్తకాలకూ సాయం చేస్తుంది. అడగాల్సింది జిల్లా సంస్థ. జిల్లా సంస్థను అడగాల్సింది సెస్సు కట్టే మనం.

అడిగేటప్పుడు రెండు కాగితాలు పట్టుకుపోవాలి. ఒకటి మన పంచాయతీ గానీ మునిసిపాలిటీ గానీ ఎన్నేళ్ళ సెస్సు బకాయి ఉందో సమాచార హక్కు కింద తీసుకున్న లెక్క. రెండోది పల్లెలో చదువుకునే పిల్లల పేర్లు, వాళ్ళకు కావలసిన పుస్తకాలు, వాళ్ళకు వీలయ్యే వేళలు రాసిన జాబితా. సలహా సంఘంలో పల్లె నుంచి ఒక ఆడమనిషి, ఒక చదువుకునే కుర్రాడు ఉండాలని కూడా అందులోనే రాయాలి. తాళంచెవి రెండోది ఎవరి దగ్గర ఉంటుందో కూడా.